సోడా నీళ్ళలో శూలం

వేట బందు మొదలైతే మా పాళెంలో మగవాళ్ళకు రెండే పనులు. పొద్దున వల బాగుచేసుకోవడం, మధ్యాహ్నం ఆ వల మీదే నిద్రపోవడం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా బోట్లను సముద్రంలోకి దిగనివ్వరు. ఏటా నేను ఈ రెండు పనులూ శ్రద్ధగానే చేసేవాణ్ణి. మొన్నటి ఎండాకాలం మాత్రం నాకు రెండోది దక్కలేదు. నా భార్య రోజా మా పెరట్లో తుప్పు వదిలించే కార్ఖానా పెట్టింది.

దీనికంతా మూలం నా బావమరిది సుశీల్ కుమార్. నెల్లూరులో సెల్‌ఫోన్లు బాగుచేస్తుంటాడు. ఎవరో ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, పనిచేయడం లేదని అతని షాపులో వదిలేసిపోయిన మెటల్ డిటెక్టరును బాగుచేసి అక్కకు పంపించాడు. పొడుగాటి కర్ర, దాని కింద పళ్ళెం లాంటి చుట్ట, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను. ఆదివారాలు మైపాడు బీచికి వచ్చేవాళ్ళు స్నానాలు చేస్తూ ఉంగరాలూ పట్టీలూ పోగొట్టుకుని ఏడ్చుకుంటూ పోతుంటారు కదా, వెతికిపెడితే పుణ్యమొస్తుందని అతని ఆలోచన.

రోజాకు బంగారం కంటే ఇనుమే ఎక్కువ దొరికింది. లంగరు కొక్కేలు, బోటు మేకులు, తాళంకప్పలు, ఏమిటో తెలియని ముద్దలు. అన్నీ ఇసుకా గుల్లా తుప్పూ కలిసి రాళ్ళలాగా గట్టిపడినవే. పారెయ్యమన్నాను. ఆమె నా మాట వినడం ఎప్పుడో మానేసింది కాబట్టి ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టింది.

పద్ధతి చెబుతాను. చేపలు వేసుకునే నీలం ప్లాస్టిక్ టబ్బు నిండా మంచినీళ్ళు పోసి, బట్టల సోడా కలపాలి. ఒక పక్క పనికిరాని ఇనపరేకునూ, మధ్యలో తుప్పుపట్టిన వస్తువునూ ఒకదానికొకటి తగలకుండా వేలాడగట్టాలి. బోటు బ్యాటరీకి వాడే చార్జరు తెచ్చి ఎర్ర క్లిప్పు రేకుకు, నల్ల క్లిప్పు వస్తువుకు తగిలించాలి. స్విచ్చి వేస్తే వస్తువు ఒంటినిండా సన్నటి బుడగలు పుడతాయి. అవి పెచ్చుల్ని లోపలి నుంచి నెట్టుకుంటూ వస్తాయి. నీళ్ళ మీద గోధుమరంగు నురగ కడుతుంది. ఆ బుడగల్లో ఉండేది మండే గాలి కాబట్టి బీడీ కాల్చేవాళ్ళు ఆ చుట్టుపక్కలకు రాకూడదు. క్లిప్పులు తారుమారైతే వస్తువే కరిగిపోతుంది కాబట్టి నేను కూడా రాకూడదు.

పక్కింటి అంకాలమ్మ అవ్వ తన ట్రంకుపెట్టె తాళంకప్ప తెచ్చి ఇచ్చింది. అది ఎన్నేళ్ళుగా బిగుసుకుపోయిందో ఆమెకే గుర్తులేదు. రోజా దాన్ని టబ్బులో వేలాడదీయడం, తీసి పాత పళ్ళబ్రష్షుతో రుద్దడం, మళ్ళీ వేలాడదీయడం చేసింది. ఒక పొద్దున తాళంచెవి పెట్టి తిప్పితే టక్కుమని ఊడింది.

"నీయి చేతులు గాదు మే, మంత్రాలు," అంది అవ్వ. ఆ తర్వాత పాళెంలో తుప్పుపట్టిన ప్రతి వస్తువూ మా ఇంటికి నడిచొచ్చింది.

అంతవరకూ అది నాకు వేళాకోళమే. మా నాయన సంగతి చెబితే గానీ తర్వాతది ఎందుకు వేళాకోళం కాకుండా పోయిందో అర్థం కాదు.

మా నాయన పోలేరయ్యది మా అమ్మవారు పోలేరమ్మ పేరే. నేను మూడో తరగతి చదివే ఏడు పెద్ద తుఫాను వచ్చి, సముద్రం ముందుకు పాకి ఒడ్డు మీది పాత గుడిని మింగింది. శూలాన్నయినా దక్కించుకుందామని నాయన కూలుతున్న గుడిలోకి పోవడం పాళెమంతా చూసింది. శూలంతో బయటికి రావడం మాత్రం ఎవరూ చూడలేదు. శూలమేదని అడిగితే "పోయింది" అన్నాడు. ఎట్లా పోయిందని ఎన్ని విధాల అడిగినా అదొక్క మాటే. తర్వాత పాత ఇనుము కొనే లారీ వస్తే, నాయన తుఫానులో విరిగిన మా ఇంజనును దానికి వేశాడు. ఇంకేముంది, శూలాన్ని కూడా దానితోపాటే అమ్ముకున్నాడన్నారు. ఆ ఏడే అంకాలమ్మ మొగుడు వేటకు పోయి తిరిగి రాలేదు. శూలం లేని పాళెం కదా, అందుకేనన్నారు.

కొత్త గుడి కట్టుకున్నారు, కొత్త శూలం చేయించుకున్నారు. ఏటా బందు తీరే రోజు శూలాన్ని మోసుకుంటూ నీళ్ళ దాకా వస్తారు. ఇంటింటికీ వంతున వచ్చే ఆ మోత మా ఇంటిని దాటి పక్కింటికి పోతుంది. ఆ రోజు అందరి బోట్లూ దిగాక చివర మా బోటు దిగాలి. ఎవరూ తిట్టరు, కొట్టరు. దాటేసి పోతారు, అంతే. నాకు చిన్నప్పటి నుంచి ఆ రోజంటే ఒళ్ళు మంట. నాయన మాత్రం చివరి బోటులో కూర్చుని, ఏమీ జరగనట్టు తాళ్ళు సర్దుకుంటూ ఉంటాడు.

మే నెలలో ఒక పొద్దున నీళ్ళు బాగా వెనక్కి తీశాయి. పాత గుడి పునాది ఇటుకలు నాలుగైదు ఇసుకలోంచి పైకి కనబడ్డాయి. రోజా కర్రను అటూ ఇటూ ఊపుతూ పోతోంది, నేను పార భుజాన వేసుకుని వెనకాల. ఉన్నట్టుండి ఆమె ఆగి, హెడ్‌ఫోను తీసి నా చెవికి పెట్టింది. కీచుమని ఒకటే మోత.

తవ్వితే చెయ్యంత పొడుగున ముద్ద బయటపడింది. ఒక కొస సన్నం, ఒక కొస లావు. నిండా గుల్లలు.

"బరువు చూడు," అంది రోజా. "ఇది మేకు గాదు."

"బోటు ఇరుసేమో."

"ఈడ ఉండింది గుడి గదా. బోటు గాదు గదా."

ఇంటికొచ్చేసరికి నాయన వాకిట్లో వల బాగుచేస్తున్నాడు. ముద్దను చూడగానే వల అల్లే సూది చేతిలో ఆగిపోయింది.

"యాడ దొరికింది?"

"పాత గుడి కాడ, మామా," అంది రోజా.

నాయన కాసేపు దాన్నే చూసి, "తుప్పు ముద్ద. పోయి సముద్రంలో పారెయ్," అని మళ్ళీ సూది ఆడించడం మొదలుపెట్టాడు. వేయాల్సిన కన్ను వదిలేసి పక్క కన్నులో వేశాడు. ఆయన అట్లా తప్పు వేయడం నేనెప్పుడూ చూడలేదు.

అమ్మ పెరట్లో చేపలు కోస్తున్నదల్లా లేచి వచ్చింది. కత్తిని కొంగుకు తుడుచుకుని నడుములో దోపుకుంది. ఆ చిన్న కత్తి ఎప్పుడూ అక్కడే ఉంటుంది, నిద్రలో తప్ప.

"దాన్ని ఇంట్లోకి తేబాక," అంది.

"లోపలేముందో చూసి పారేస్తా అత్తా."

"నేను తేబాకంటే..."

"చూసి పారేస్తాలే."

మా అమ్మ కామమ్మ మాటకు ఎదురు చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. రోజా ముద్దను ఎత్తుకుని నేరుగా పెరట్లోకి పోయింది. వెనకే పోయి మెల్లగా అడిగాను.

"అది శూలమైతే?"

"అయితే మీ నాయన లారీకి ఎయ్యలేదనేగా. ఇంకేం గావాల నీకు?"

"కాకపోతే?"

"కాకపోతే ఇరుసు. దానికీ తుప్పు వదుల్తుంది," అని నల్ల క్లిప్పు తగిలించింది.

ఇట్లాంటి కబురు పాళెంలో దాగదు. సాయంత్రానికి పెరడు నిండిపోయింది. పెద్దకాపు ఆర్ముగం మామ కూడా వచ్చాడు. పాళెంలో తగాదా తీర్చాలన్నా, పండగ తేదీ పెట్టాలన్నా ఆయన మాటే. టబ్బు పక్కన నిలబడి బుడగల్ని చాలాసేపు చూశాడు.

"శూలమైతే మాకూ సంతోషమేనమ్మాయ్," అన్నాడు రోజాతో. "బందు తీరే రోజు అమ్మవారి ముందర పెట్టు. అందురూ చూస్తారు. గాకపోతే మాత్రం ఇంక ఈ మాట ఎత్తబాకండి. పోలేరయ్యకీ వయసైపోయింది."

నాయన గోడవతల ఉన్నాడు. వినే ఉంటాడు.

ఇంతమంది కళ్ళు పడితే ఇంకేమన్నా ఉందా? అమ్మ రోజూ దీపాలవేళ రెండు గుప్పిళ్ళతో కల్లుప్పు తీసుకుని రోజాకు దిష్టి తీసేది. ఎండుచేపల ఇల్లు కదా, మా ఇంట్లో ఉప్పుకు కొదవ లేదు. దిష్టి తీసిన ఉప్పును నీళ్ళలో కలపాలి. పెరట్లో ఉన్న నీళ్ళు టబ్బులోవే. అమ్మ పద్ధతి ప్రకారం ఉప్పు అందులో పడింది. ఒక రోజు కాదు, దిష్టి తీసిన ప్రతిరోజూ.

కొన్నాళ్ళకు టబ్బు బ్లీచింగు పౌడరు వాసన కొట్టడం మొదలైంది. రోజా దగ్గుతూ పోయి స్విచ్చి ఆపింది. ముద్దను బయటికి తీసి కాసేపు ఆరబెడితే, తుప్పు వదిలిన చోటల్లా కొత్త తుప్పు ఎర్రగా పుట్టుకొచ్చింది. నీళ్ళను నాలుకకు తగిలించి చూసి తుపుక్కున ఉమ్మేసింది.

"ఉప్పెవురు పోసినారు?"

నేను కాదని ముందే చెప్పేశాను. అమ్మ వంటింట్లోంచి తల బయటపెట్టింది.

"దిష్టి ఉప్పు నీళ్ళలో గాకుండా నెత్తిన పోసుకుంటారామే?"

"ఇన్నేళ్ళు ఆ ముద్ద తినింది ఉప్పే గదత్తా. దాన్ని కక్కించేదానికేగా నేను పడతుండేది."

అమ్మ టబ్బును తనే ఒంచి పారబోసి, కుళాయి దగ్గర నుంచి బిందెలతో మంచినీళ్ళు మోసుకొచ్చింది. ఆ రోజు నుంచి దిష్టి ఉప్పు సముద్రంలోనే పడింది. అంత దూరం పోయి వేసి వచ్చేది పాపం.

రోజా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆమె ఓపిక చూస్తే నాకు ముచ్చటేసేది. నేనైతే సుత్తి తీసుకుని రెండు దెబ్బలు కొట్టి తేల్చేసేవాణ్ణి. కరెంటు పోతే పోయినంతసేపూ టబ్బు పక్కనే కూర్చునేది. నీళ్ళు చిక్కబడితే మార్చేది. రేకును తీసి గీకేది. చేతులు సోడాకు పగిలిపోయి చారు అన్నం కలుపుకుంటే మండేవి. ఒక సంగతి నేను ఆలస్యంగా కనిపెట్టాను. వాకిట్లో వల బాగుచేసుకునే నాయన రోజుకు కొంచెం కొంచెంగా జరుగుతూ, జూన్ వచ్చేసరికి వలతో సహా పెరట్లోకి చేరుకున్నాడు.

ఒక మధ్యాహ్నం రోజా రుద్దుతుంటే అరచెయ్యంత పెచ్చు ఊడిపడింది. కింద ఎర్రటి మెరుపు. ఇనుము కాదు, రాగి. మా పాళేనికి మొదటి ఇంజను బోటు వచ్చిన ఏడు అందరూ చందాలేసుకుని శూలం మెడకు తొడిగించిన కడియం. పెద్దవాళ్ళలో దాని సంగతి తెలియనివాళ్ళు లేరు. నాయన వల పక్కన పెట్టి వచ్చి, ఒక వేలితో ఆ కడియాన్ని తాకి, వేలిని కళ్ళకు అద్దుకున్నాడు.

సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. మూడు కొసల్లో ఒకటి లోపలిదాకా తుప్పే. బ్రష్షు తగలగానే పొడై రాలిపోయింది. రోజా ఆ పొడిని అరచేతిలో పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నువ్వు పోగొట్టింది గాదులేమ్మా," అన్నాడు నాయన. "సముద్రం తినింది."

మర్నాడు కడియం కిందిభాగం రుద్దుతుండగా తుప్పులోంచి నీలం దారాలు కనబడ్డాయి. రోజా పెచ్చుల్ని చిన్నచిన్నగా తీసింది. నైలాను తాడు. కడ్డీకి రెండు చుట్లు చుట్టి ముడి వేసి ఉంది. అది నాయన ముడి. లంగరుకైనా ఆవుకైనా ఆయన అట్లాగే వేస్తాడు. ముడి అవతల జానెడు తాడు తుప్పులో ఇరుక్కుని, కొస మాత్రం చెక్కు చెదరకుండా ఉంది.

పుట్టినప్పటి నుంచి తాళ్ళతో బతికేవాణ్ణి నేను. లాగితే తెగిన తాడు కొస చీపురులా విచ్చుకుంటుంది. ఇది నున్నగా ఉంది.

"నాయనా," అన్నాను. "ఇది తెగింది గాదు. కోసింది."

నాయన సూదిలోకి దారం ఎక్కించుకుంటున్నాడు. అమ్మ వచ్చి రోజా చేతిలోని తాడు కొసను చూసింది.

"నేనే కోసినా," అంది.

"ఇప్పుడెందుకే అయ్యన్నీ," అన్నాడు నాయన.

"ఇప్పుడు గాకుంటే ఎప్పుడు?" అమ్మ టబ్బు పక్కన కూర్చుంది. "చేతులు ఖాళీగా ఉండాలని శూలాన్ని నడుముకి కట్టుకున్నాడు మీ నాయన. బయటికొచ్చే లోపల గోడ కూలి శూలం దాని కింద ఇరుక్కుపోయింది. అల మీద అల. జనమంతా మెరకకి పరిగెత్తిపోయినారు, చూసేదానికి ఎవురూ లేరు. తల నీళ్ళలో మునిగి తేలతా ఉంది. నేను పోయి ముడి ఇప్పబోతే తడిసిన ముడి, రాలేదు. నడుంలో కత్తి ఉండింది. కోసేసినా."

రోజా అడిగింది, "మరి ఎందుకు చెప్పలేదత్తా?"

"చెప్తానన్నా. ఈయన చెప్పనిచ్చినాడా? ఆ ఏడే అంకాలక్క మొగుడు రాకపాయె. నేను అమ్మవారిని కోసి సముద్రంలో వదిలేసినానంటే ఆ చావు నా మెడకి చుట్టేవాళ్ళు. 'నన్ను దొంగంటే నేను పడతా, నిన్నేమన్నా అంటే పడలేను' అన్నాడు. ఈ మనిషికి అబద్ధం ఆడటం రాదు. అందుకని అసలు మాట్లాడటమే మానుకున్నాడు."

నాయన మాట తక్కువ మనిషని నేను అనుకుంటూ వచ్చాను. ఆ తుఫాను నాటి నుంచీ ఆయన చేసింది అమ్మకు కాపలా. నాకు ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది. మా ఇంట్లో అట్లాంటివి అలవాటు లేదు కాబట్టి పోయి వల రెండో కొస పట్టుకుని కూర్చున్నాను.

రోజా ముడిని తడుముతూ, "ఈ తాడు తీసేస్తే ఎవురికీ తెలీదత్తా," అంది. "శూలం దొరికింది, చాల్దా."

"తీసెయ్యి," అన్నాడు నాయన.

"ఉంచు," అంది అమ్మ.

రోజా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఈసారి అత్త మాట విన్నది.

బందు తీరే రోజు పొద్దున్నే గుడి ముందు పాళెమంతా చేరింది. మా ఆడవాళ్ళు శూలాన్ని వేడినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, కొబ్బరినూనె పట్టించారు. నల్లగా, గుంటలు గుంటలుగా, రెండు కొసలతో, రాగి కడియంతో, నీలం ముడితో రోజా దాన్ని అమ్మవారి ముందు పెట్టింది. ఆర్ముగం మామ ఒంగి కడియాన్ని తిప్పి చూశాడు. లేచి నాయన వైపు తిరిగి చేతులు జోడించాడు. వెనక నుంచి ఎవరో ఏడుస్తున్న చప్పుడు వినబడింది.

అక్కడితో ఆపేయవచ్చు. అమ్మ ఆపలేదు. జనాన్ని తప్పుకోమని ముందుకొచ్చి, తాడు కొసను పెద్దకాపుకు చూపించి, మాకు చెప్పిందంతా చెప్పింది. గొంతు తగ్గించలేదు.

"అమ్మవారు పోతుందని తెలిసే కోసినావా?" అని అడిగాడు ఆర్ముగం మామ.

"తెలిసే కోసినా. నాకు మొగుడు గావాల, కోసినా."

కొందరు అంకాలమ్మ అవ్వ వైపు చూశారు. అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి అమ్మ పక్కన నిలబడింది. శూలాన్ని చూసింది, తాడును చూసింది.

"నేనాడ ఉండుంటే," అంది, "నా మొగుడి నడుముకి ఏం కట్టి ఉన్నా కోసేదాన్నే." ఆమె అమ్మ చెయ్యి పట్టుకుంది. అంతే, ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు.

పెద్దకాపు గొంతు సవరించుకున్నాడు. కొస విరిగిన శూలం పూజకు పనికిరాదు. మా ఆచారం ప్రకారం దాన్ని సముద్రానికి ఇచ్చేయాలి. ఎవరి చేతిలోంచి జారిపోయిందో ఆ చేతులే ఇవ్వాలి.

"ఇంత కడిగి, మళ్ళీ ఉప్పునీళ్ళలోకేనా," అని రోజా నా చెవిలో గొణిగింది. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి.

"అయితే పోలేరయ్యా, నువ్వు..." అన్నాడు ఆర్ముగం మామ.

నాయన తల అడ్డంగా ఊపాడు. "పోయింది నా చేతిలోంచి గాదు బావా," అన్నాడు. "దీని చేతిలోంచి."

మొదటి వేట రోజు మా పాళెంలో ఆడమనిషి బోటు ఎక్కదు. ఆర్ముగం మామ అందరినీ ఒకసారి చూసి, చేత్తో దారి చూపించాడు. శూలాన్ని అమ్మా నాయనా చెరో కొసా పట్టుకుని నీళ్ళ దాకా మోశారు. చివరగా దిగే మా ఫైబర్ బోటు ఆ రోజు అందరి కంటే ముందు దిగింది. రోజా సోడాకు పగిలిన చేతుల్ని నుదుటికి అడ్డం పెట్టుకుని ఒడ్డున నిలబడి చూస్తోంది. ఇంజను దగ్గర నేను.

అలలు దాటి కాస్త లోపలికి పోయాక ఇంజను ఆపేశాను. శూలాన్ని విసిరేయకుండా మెల్లగా దించాలని నాయన దానికో కొత్త తాడు కట్టాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, రెండో కొస తెచ్చి నడుముకు చుట్టుకుని ముడివేశాడు. నీళ్ళు ఎగిరిపడి తాడంతా తడిసింది. నాయన శూలాన్ని నీళ్ళలోకి దించి, తాడు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

అమ్మ లేచి ఆయన ముందుకొచ్చింది. కత్తి ఎప్పటిలాగే నడుములో ఉంది. దానివైపు చెయ్యి పోలేదు. బోటు ఊగుతుంటే ఒక చెయ్యి ఆయన భుజానికి ఆనించుకుని, ఆ తడిసిన ముడిని గోళ్ళతో, కాసేపు పళ్ళతో, తీరిగ్గా విప్పింది.